ఆయుష్షు అమ్ముతుంటే అడిగేవాడే లేడా?

ముప్పై ఏండ్లు బాయి దిగి బొగ్గుదుమ్ము మింగిన మనిషికి వయసు తగ్గించే గోళీలు అమ్ముతున్నారు! గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లలో ఎక్కడైనా సరే, రిటైరైన సింగరేణి కార్మికుడి ఖాతాలో గ్రాట్యుటీ పడిందో లేదో, డబ్బా ఇంటికొస్తుంది. తెచ్చేది కొత్తవాళ్లా? కొత్తవాళ్లకు ఎవరు కుర్చీ వేస్తారు? పక్క క్వార్టర్ తమ్ముడు, పిల్లలకు చదువు చెప్పిన సారు, ఊళ్లో సూదులేసే ఆరెంపీ. "కాకా, మూడు నెలలు వాడు, పదేండ్లు ఎన్కకు పోతవ్" అంటారు. ధర వేలల్లో. 1998లో మొదలైన బొగ్గుగని పెన్షనేమో ధరలతో పాటు పెరిగేది కాదు.

డబ్బా మీద యాంటీఆక్సిడెంట్ అని పెద్ద అక్షరాలుంటాయి. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో బయటికొచ్చాయి. బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ గోళీలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవాళ్లు, ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్ల మీద ఇలాంటిదే మరో పరిశోధన మొదలుపెట్టి, హాని కనపడగానే 1996లో గడువుకు ముందే ఆపేశారు. దుమ్ము, పొగ! మన బాయి కార్మికుడి బతుకే కదా అది. "బీడీ తాగుతవా కాకా?" అని అడిగి డబ్బా చేతికిచ్చిన ఏజెంటును ఒక్కణ్ని చూపించండి.

పసుపు సంగతీ అంతే. మెట్‌పల్లి, జగిత్యాల రైతు కొమ్ములు ఉడికించి, ఆరబెట్టి, మార్కెట్లో గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కుతాడు. అదే పసుపులోని కర్క్యుమిన్ క్యాప్సూల్‌లో దూరి "యవ్వనం" పేరుతో అతని ఇంటికే తిరిగొస్తుంది. కూరలో వేసుకునే చిటికెడుతో ఎవరికీ ఏమీ కాదు. ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపి, మోతాదు పెంచి చేసిన గోళీలతో కాలేయం దెబ్బతిన్న రోగులను అమెరికా వైద్యులు నమోదు చేశారు. ఇక్కడ అట్లాంటి రోగి వస్తే ఏం గోళీలు మింగావని అడిగే డాక్టరు ఎందరు?

చట్టం లేదా అంటే, ఉంది. అకాల వృద్ధాప్యాన్ని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని ఔషధ నియమాల్లోని షెడ్యూల్ జె చెబుతోంది. అందుకే దాన్ని మందు అనరు, ఆహారమంటారు. ఆహార లైసెన్సు తీసుకుంటారు. ఔషధంగా వాడరాదని లేబుల్ మీద సన్నటి ఇంగ్లీషులో వేస్తారు. నోటితో మాత్రం షుగరు, కీళ్లు, బీపీ, ముసలితనం అన్నీ పోతాయంటారు. నోటిమాటకు లేబుల్ ఉండదు కదా! సరే, ఆహారమే అనుకుందాం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేయొచ్చని 2006 ఆహార భద్రత చట్టం అంటోంది. పక్కింటి తమ్ముడితో అమ్మించే ఇట్లాంటి గొలుసుకట్టు వ్యాపారాలను ఆపడానికి కూడా 1978 నుంచే చట్టముంది. ఆమ్వే కంపెనీ పథకం ఆ చట్టం కిందికే వస్తుందని 2007లో మన ఉమ్మడి హైకోర్టు చెప్పింది. 2022లో ఈడీ ఆ కంపెనీ ఆస్తులు 757.77 కోట్లు జప్తు చేసింది. ఇంత జరిగినా కింద జిల్లాలో కుర్చీలో కూర్చున్న అధికారి అయ్యకు చీమ కుట్టినట్టయినా లేదు. "ఫిర్యాదు రాలేదండీ" అంటాడు. మోసపోయిన ముసలాయన సొంత తమ్ముడి మీద ఫిర్యాదు ఎట్లా రాసిస్తాడయ్యా?

అసలు గోళీలు అవసరమైనవాళ్ల సంగతి చూడండి. తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. వాళ్లకు నిజంగా పనికొచ్చే ఐరన్ గోళీ సర్కారు దవాఖానలో ఉచితం. దాన్ని మింగమని ఉట్నూరు గూడేల్లో ఇంటింటికీ తిరిగేది ఒక్క ఆశా కార్యకర్త. వయసు తగ్గించే డబ్బాకు మాత్రం సూటు, బూటు, మైకు, మధ్యాహ్నం భోజనం.

డబ్బాలు అమ్మేవాళ్లు దాక్కుని చేయడం లేదు అధికారి సార్. ఆదివారం ఫంక్షన్ హాల్ గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద మీటింగు టైము కూడా వేసి ఉంటుంది. ఒక్కసారి వచ్చి వెనక వరుసలో కూర్చోండి.