మొద్దు బిడ్డలా?

పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వఱకు గల కర్మాగారముల చెంత పెరుగు బిడ్డలలో కొందఱు పాఠమును నోట చక్కగా చెప్పుదురు. పలకపై వ్రాయుమన్న అక్షరములను తాఱుమాఱు చేయుదురు. పంతులు మొద్దనును, తండ్రి కఱ్ఱ తీయును. ఇది సోమరితనము కాదు, మందబుద్ధియు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని అభ్యసన వైకల్యముగా నంగీకరించినది. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కనిపెట్టవలసిన లోపములలో నిదియు నొకటి.

ఆ కార్యక్రమపు సంచార వైద్యులు బడికి ఏట ఒకమారైనను రావలెనని నియమము. ఒడిషానుండియో బీహారునుండియో వచ్చిన కూలివాని బిడ్డ ఆ దినమున ఈ ఊరనే యుండునా? ఉన్నను, వానికి తెలుగు రాకపోవుట వేఱు, చదువు పట్టుబడకపోవుట వేఱు. ముందు కన్నును చెవిని చూచి, పిమ్మట వాని యింటి భాషలోనే పరీక్షింపవలెను. ఈ లోపము చదువ నారంభించినగాని బయటపడదు. కావున దీనిని మొదట గుర్తింపవలసినవాడు పంతులే. మందు లేదు, ఓర్పుగల ప్రత్యేక బోధనయే చికిత్స.

ఆ బోధకుని జీతమునకు ధనమేదందురా? 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద సంస్థల సగటు లాభములో నూటికి 2 వంతులను లోకహితమునకు కేటాయించినది. ప్రత్యేక విద్యయు నందు చేరియున్నది. ఈ బిడ్డల తలిదండ్రుల చెమటతో నార్జించిన లాభమే కదా యది! మండలమునకొక బోధకుని నియమింపుడని యాజమాన్యములను మేము అడుగుచున్నాము.