ఓటు అడగడానికి వస్తారు సరే, ఓటుందో లేదో చూడ్డానికెవరొస్తారు?

మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ది పాలమూరు వైపు ఊరు. హైదరాబాదొచ్చి పన్నెండేళ్ళు దాటింది. 2023 అసెంబ్లీ ఎన్నికల ముందు మూడు పార్టీల వాళ్ళూ మా గేటు దాకా వచ్చారు. అందరూ అతని చేతిలో కరపత్రం పెట్టి, దండం పెట్టి, "అన్నా, మర్చిపోకు" అని వెళ్ళారు. పోలింగ్ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, గంటన్నర లైన్లో నిలబడి తిరిగొచ్చాడు. లిస్టులో పేరు లేదట. "కార్డుంది గదా సార్, ఇగో" అని నాకు చూపించాడు. కార్డుంటే చాలదు, జాబితాలో పేరుండాలి అని అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అది నా తప్పే.

ఓటర్ల జాబితా గొడవ వచ్చినప్పుడల్లా మనం ఎన్నికల సంఘాన్ని తిడతాం. తిట్టాల్సిన చోట తిట్టాల్సిందే. కానీ పార్టీల సంగతేంటి?

2025లో బీహార్‌లో ఏం జరిగిందో చూడండి. ప్రత్యేక సవరణ పేరుతో జాబితాని మళ్ళీ తయారుచేశారు. 7.89 కోట్ల పేర్లు ఆగస్టు 1న ముసాయిదా వచ్చేసరికి 7.24 కోట్లయ్యాయి. అంటే 65 లక్షలు గల్లంతు. చనిపోయారనో, ఊరు మారారనో, రెండుచోట్ల ఉన్నారనో కారణాలు చెప్పారు. తీసేసిన పేర్లు, కారణాలతో సహా బయటపెట్టండి అని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించాల్సి వచ్చింది. ఆగస్టు 22న అదే కోర్టు పార్టీల వైపు తిరిగింది. మీకు 1.6 లక్షల మంది బూత్ ఏజెంట్లున్నారు, వాళ్ళ నుంచి వచ్చిన అభ్యంతరాలు రెండేనా అని ఆశ్చర్యపోయింది! మా ఏజెంట్లు ఇచ్చినవి తీసుకోవడం లేదని పార్టీలు అంటే, తీసుకుని రసీదులివ్వమని చెప్పింది. 12 పార్టీలనీ జనానికి సాయం చెయ్యమంది. ఓటర్లకి సాయం చెయ్యండి అని పార్టీలకి కోర్టు చెప్పాల్సి రావడమేంటండీ?

జాబితా శుభ్రం చెయ్యొద్దని నేననను. చనిపోయిన వాళ్ళ పేర్లు తియ్యాల్సిందే. కానీ డేటాబేసులతో బతికేవాణ్ణి కాబట్టి ఒకటి చెప్తాను. రికార్డు చెరిపేముందు దాని సొంతదారుకి చెప్పాలి, పొరపాటయితే వెనక్కి తెచ్చే దారి ఉండాలి. డూప్లికేట్ అనుకుని తీసేసిన ప్రతిదీ డూప్లికేట్ కాదు. కంపెనీలో అయితే కస్టమర్ ఫోన్ చేసి అరుస్తాడు. ఇక్కడ పేరు పోయినవాడికి ఆ సంగతి తెలిసేది పోలింగ్ రోజునే.

పార్టీల చేతిలో పెడితే అవీ దుర్వినియోగం చేస్తాయి కదా అంటారు. నిజమే. 2019 ఎన్నికల ముందు ఆంధ్రాలో పేర్లు తీసేయమంటూ ఫారం 7లు లక్షల్లో వచ్చి పడ్డాయి. కొన్ని అయితే సంతకం ఎవరిదో వాళ్ళకే తెలీకుండా వచ్చాయి. కేసులూ పెట్టారు. మీరంటే మీరని రెండు పార్టీలూ తిట్టుకున్నాయి. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, తీసేయించడానికి ఉన్న ఓపిక చేర్పించడానికి ఉండదు.

ఎందుకుండదంటే, నా మట్టుకు నాకు అనిపించేది ఇదీ. పార్టీ తన ఓటరని నమ్మకమున్న వాడినే కాపాడుకుంటుంది. ఊళ్ళో ఎవరింట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఎటువైపో స్థానిక నాయకుడికి నోటికొచ్చు. మా వాచ్‌మన్ లాంటివాడు ఎవరి లెక్కలోనూ లేడు. ఊళ్ళో వాళ్ళకి దూరమయ్యాడు, ఇక్కడి వాళ్ళకి ఎటు వేస్తాడో తెలీదు. మేస్త్రీలు, అడ్డా కూలీలు, హాస్టల్ పిల్లలు, అద్దె ఇళ్ళు మారే మనలాంటి వాళ్ళు... అందరిదీ ఇదే కథ.

పోలింగ్ రోజు బండ్లు పెట్టి జనాన్ని తోలుకెళ్ళడం చట్టప్రకారం నేరం, అయినా చేస్తారు. పక్కన కూర్చుని ఫారం నింపిపెట్టడం నేరం కాదు, అది మాత్రం చెయ్యరు!

పార్టీలు చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ప్రతి బూత్‌కీ తమ ఏజెంటు పేరు, ఫోన్ నంబరు గోడ మీద రాయాలి. బీహార్‌లో ఒక్కో ఏజెంటు రోజుకి 50 ఫారాల దాకా ఇవ్వడానికి అనుమతిచ్చారు. 2025 నవంబర్లో ఇంకో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఇదే సవరణ మొదలైంది. ఆ విడతలో మన రెండు రాష్ట్రాలూ లేవు, కానీ దేశమంతా చేస్తామన్నాక మనకీ తప్పదు.

అన్నట్టు, మా వాచ్‌మన్‌కి తర్వాత నేనే ఫారం 6 నింపాను. ఉండేది సెల్లార్లో గది, అద్దె కాగితమూ లేదు, కరెంటు బిల్లూ లేదు. బూత్ అధికారి స్వయంగా వచ్చి చూసి రాసుకెళ్ళారు. నాకు పట్టిన సమయం ఇరవై నిమిషాలు. 2024 మే 13న ఓటేసొచ్చి వేలు చూపించాడు. ఎవరికేశావని నేనడగలేదు.

మీ బూత్‌లో ఏ పార్టీ ఏజెంటు పేరైనా మీకు తెలుసా? నాకైతే ఇప్పటికీ ఒక్కడిదీ తెలీదు.