రెండు సాయంత్రాలలో మెడపట్టీ



ఈ నెల ఈ శీర్షికలో అల్లిక గురించి వ్రాస్తున్నాను. అల్లిక సంగతి అయ్యగారికేమి తెలుసని అక్కచెల్లెళ్ళు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో అల్లేది నా భార్య, లెక్కలు వేసేది నేను. ఈ లెక్క వేయడానికి ఒక కారణమున్నది.

నర్సీపట్నం నుండి ఘాటురోడ్డు ఎక్కి లంబసింగి చేరితే చలి సంగతే వేరు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఆ ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాములు సున్నా డిగ్రీల దగ్గరికి దిగిపోతాయి. లంబసింగికి కొర్రబయలు అని ఇంకొక పేరున్నది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ పైనున్న ఒక పల్లెలో మా సంఘ పెద్ద ఒకాయన ఉండేవారు. డెబ్బై ఏళ్ళు దాటినా ఆదివారం చీకటితో లేచి గుడి గంట కొట్టేది ఆయనే. తలకు తువ్వాలు చుట్టుకొనేవారు గాని మెడకు ఏమీ ఉండేది కాదు. దగ్గు ఆయనను వదిలేది కాదు.

ఒక నవంబరులో ఆయనను చూచి వచ్చి నా భార్య ఆయన కోసం మఫ్లర్ మొదలుపెట్టింది. ఎనిమిదో నంబరు సూదులు, ఒంటి పోగు, 8 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు. పిల్లల చదువులు, క్రిస్మస్ పనులు, వచ్చిపోయే జనం. అది పూర్తయ్యేసరికి ఫిబ్రవరి ఆఖరు. ఆయన రెండు చేతులా తీసుకొని, "వచ్చే చలికి వేసుకుంటానమ్మగారూ" అని పెట్టెలో పెట్టించారు. వచ్చే చలికి ఆయన లేరు.

తరువాత ఒకనాడు కాగితం తీసుకొని కూర్చున్నాను. ఆ మఫ్లర్ అంగుళానికి ఐదున్నర కుట్లు, 11 వరుసలు. వెడల్పుకు 44 కుట్లు, పొడవుకు 660 వరుసలు, వెరసి 29,040 కుట్లు. గడియారం పెట్టుకొని చూస్తే ఆమె చేయి నిమిషానికి 20 కుట్లు నడుస్తుంది. అంటే 24 గంటలకు పైగా పని. రోజుకు అరగంట మాత్రమే దొరికే ఇల్లాలికి 48 రోజులు, అదీ ఏ రోజూ తప్పకపోతే.

అయితే మెడకు 60 అంగుళాల గుడ్డ ఎందుకు? వెచ్చదనమిచ్చేది పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. మెడను అంటిపెట్టుకొని ఉండే మందమైన పట్టీ ఒకటి ఉంటే చాలు, వ్రేలాడే కొసలు దేనికీ పనికిరావు. పనికిరాకపోవడమే కాదు, ప్రమాదం కూడా. మోటారుసైకిలు చక్రంలోనో, పిండిమర బెల్టులోనో మఫ్లర్ కొస చిక్కితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. క్యారల్స్‌కు రాత్రిపూట బండ్ల మీద తిరిగే మన యువకుల తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కాబట్టి గుండీలు పెట్టుకొనే మెడపట్టీ. ముందు టేపుతో మెడ చుట్టుకొలత తీసుకోండి. పెద్దవారికి 15 అంగుళాలనుకుందాము. వదులుకు 2, కొసమీద కొస పడేందుకు 3, మొత్తం 20 అంగుళాలు. గడ్డం క్రింది నుండి ఛాతీ పైదాకా కప్పి, అవసరమైతే ముక్కు మీదికి లాక్కోవడానికి 7 అంగుళాల వెడల్పు చాలును.

రెండు ఉండల పోగులు కలిపి, జంటపోగుతో, నాలుగో నంబరు సూదులపై అల్లండి. అంగళ్ళలో సూదుల నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది, కొత్తవారు ఇక్కడే పొరబడతారు. నాలుగో నంబరంటే 6 మిల్లీమీటర్లు. ముందుగా 14 కుట్లతో నాలుగంగుళాల మచ్చుముక్క అల్లి కొలవండి. మా ఇంట్లో తొందరలో మచ్చు మానేసి అల్లిన మొదటి పట్టీ మా ఆవుదూడకు చక్కగా సరిపోయింది. మచ్చులో అంగుళానికి మూడున్నర కుట్లు, 7 వరుసలు వస్తే 7 అంగుళాలకు 24 కుట్లు, 20 అంగుళాలకు 140 వరుసలు. మీ చేయి వదులై అంగుళానికి మూడే వస్తే 21 కుట్లు ఎక్కించండి. హెచ్చవేత వస్తే చాలు, నమూనా పుస్తకం అక్కరలేదు.

అన్ని వరుసలూ ప్లెయిన్ కుట్టే. అంచులు చుట్టుకుపోవు, రెండు ప్రక్కలా ఒకేలా ఉంటుంది, మందంగా వస్తుంది. రెండు వరుసలకు ఒక గట్టు కనబడుతుంది. 67 గట్లు అయ్యాక కాజాలు: 5 అల్లి 2 దించండి, 10 అల్లి 2 దించండి, 5 అల్లండి. తిరుగు వరుసలో దించినచోట మళ్ళీ రెండేసి కుట్లు ఎక్కించండి. ఇంకొక నాలుగు వరుసలు అల్లి అన్నీ దించి, రెండో కొసకు రెండు పెద్ద గుండీలు కుట్టండి. మొత్తం 3,360 కుట్లు, మూడు గంటలలోపు పని. నూరు గ్రాముల ఊలులో కొంత మిగులుతుంది.

ఊలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. అంగడిలో ఊలు పేరుతో దొరికేది చాలాసార్లు యాక్రిలిక్. అది చవక, ఉతకడం తేలిక, మైదాన ప్రాంతంలో వాడుకోవచ్చు. కాని నెగడు చుట్టూ కూర్చొనే ఇళ్ళకు అది తగదు. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. చిన్న పోగును పటకారుతో పట్టుకొని మంటకు చూపించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అసలు ఊలు. కరిగి గట్టి నల్లపూస అయితే యాక్రిలిక్. అసలు ఊలును గోరువెచ్చని నీటిలో, పిండకుండా, ఉతకాలి. వేడినీటిలో వేసి రుద్దితే ముడుచుకుపోతుంది. ఇక చంటిబిడ్డలు నిద్రపోయేటప్పుడు మెడకు ఏదీ ఉంచకూడదు, ఇది కూడా.

పోయిన సంవత్సరం ఆ పెద్దాయన భార్య పెట్టెలో నుండి మఫ్లర్ తీసి మా ఇంటికి తెచ్చింది. ఒక్కసారి కూడా వేసుకోనిది, మడత నలగలేదు. "మీ చేత్తోనే ఊడదీసి మనవళ్ళకు చిన్నవి అల్లిపెట్టండమ్మగారూ" అన్నది. నా భార్య చాలాసేపు ఒడిలో పెట్టుకొని కూర్చుండి, ఆ రాత్రే కొస విప్పింది. ఊడదీసిన ఊలు మెలికలు తిరిగి ఉంటుంది. దానిని కుర్చీ వీపుకు చిలపగా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో నానవేసి, నీడలో వ్రేలాడదీస్తే పోగు సాగి తిన్ననవుతుంది. పిల్లల మెడ 12 అంగుళాలు, కనుక పట్టీ 17. వెడల్పు 5 అంగుళాలకు 18 కుట్లు. జంటపోగుతో ఆ ఊలు రెండు పట్టీలకు వచ్చింది, ఒక్కొక్కటి రెండు గంటలలోపే అయింది.

మనవళ్ళు ముగ్గురు. మూడోవాడికి ఆ బూడిదరంగు ఊలు ఎక్కడా దొరకక ఎర్రది తెచ్చి అల్లింది. ఇప్పుడు పెద్దవాళ్ళిద్దరూ తమకూ ఎర్రదే కావాలంటున్నారట.