రెండు గరిటెల అన్నం

హవాయి అనగానే మనకు గుర్తొచ్చేవి కొబ్బరిచెట్లు, మెడలో పూలదండలు, నీలం రంగు సముద్రం. అక్కడికి పోయేవాళ్ళు దిగీ దిగగానే అడిగే ప్రశ్న కూడా ఒకటే: "అసలైన హవాయి తిండి ఎక్కడ దొరుకుతుందండీ?" యీ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాని దీనికి జవాబు సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద హోటళ్ళలో దొరకదనీ, చెరుకు తోటల చరిత్రలో దొరుకుతుందనీ నా అభిప్రాయం. ఏ తిండి గొప్పదో తేల్చడానికి నాలుక ఒక్కటే చాలదు. ఎవరు వండారు, ఎవరి కోసం వండారు, అది ఎవరి నేల – యీ మూడూ తెలుసుకోకుండా "బ్రహ్మాండం" అనెయ్యడం, జవాబు పత్రం చదవకుండా మార్కులు వేసినట్టే!

ముందుగా రెండు మాటల మధ్య తేడా చెప్పుకోవాలి. ఆ దీవుల్లో పుట్టినవాడల్లా హవాయియన్ కాడు. ఆ మాట అక్కడి మూలవాసులకే చెందుతుంది. వాళ్ళతోపాటు చైనా, జపాన్, పోర్చుగల్, ప్యూర్టో రికో, కొరియా, ఫిలిప్పీన్స్ నుంచి కూలికి వచ్చినవారి పిల్లలనూ మనవలనూ కలిపి "లోకల్" అంటారు. తిండి సంగతీ అంతే. చేమదుంపలు ఉడికించి దంచి చేసే పోయి, చేమాకుల్లో పందిమాంసం చుట్టి ఆవిరి మీద ఉడికించే లావులావు, గోతిలో వేడిరాళ్ళ మీద మగ్గబెట్టే కాలువా పంది – ఇవి హవాయియన్ తిండి. ప్లేట్ లంచ్, సైమిన్, లోకో మోకో, స్పామ్ ముసుబి – ఇవి లోకల్ తిండి. రెండూ ఒకే హోటల్లో, ఒకే బల్ల మీదకు రావచ్చు. కాని రెండింటి పుట్టుక వేరు.

యీ లోకల్ తిండి పుట్టిన చోటు చెరుకు తోట. 1835లో కవాయి దీవిలోని కొలోవాలో నిలదొక్కుకున్న మొదటి తోట వెలిసింది. 1852లో చైనావాళ్ళు, 1868లో జపాన్ వాళ్ళు, 1878లో పోర్చుగీసులు, 1900లో ప్యూర్టో రికన్లు, 1903లో కొరియన్లు, 1906లో ఫిలిప్పీనోలు – ఇలా వరసగా కూలీలను దింపారు. మెడలో నంబరు బిళ్ళ, గుర్రం మీద మేస్త్రీ, జాతికో జీతం. ఒకే రకం పనికి పోర్చుగీసువాడికి నెలకు 22.50 డాలర్లు, జపాన్ వాడికి 18 డాలర్లు! మనుషులను విడదీసి ఉంచితేనే తోట నడుస్తుందన్నది యజమానుల లెక్క.

మధ్యాహ్నం మాత్రం ఆ లెక్క తప్పేది. కూలీలు తెచ్చుకునే రెండంతస్తుల గిన్నెను "కౌ కౌ టిన్" అనేవారు. మన కేరియరు వంటిదే. కింద అన్నం, పైన కూర. చెట్టు నీడన కూర్చున్నప్పుడు పై గిన్నెలు మధ్యలోకి వచ్చేవి. ఒకరి ఊరగాయ, ఒకరి ఎండుచేప, ఇంకొకరి మాంసం అందరి నోటికీ అందేవి. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, ఉప్పు చాలిందో లేదో చెప్పడానికి భాష ఎందుకు?

ఇదంతా ఏదో భావుకత్వంతో అంటున్న మాట కాదు. 1909లో జపాన్ కార్మికులు ఒంటరిగా సమ్మె చేస్తే వేరే జాతులవారిని పనిలోకి దించి ఆ సమ్మెను విరిచారు. 1946లో అన్ని జాతులవాళ్ళూ ఒకే యూనియన్ కింద సమ్మెకు దిగారు. సుమారు 26,000 మంది, 79 రోజులు! ఆ రోజుల్లో వాళ్ళను నిలబెట్టినవి ఉమ్మడి వంటశాలలు. చేపలు పట్టుకొచ్చేవాళ్ళు కొందరు, కూరగాయలు పండించేవాళ్ళు కొందరు, వండి వడ్డించేవాళ్ళు ఇంకొందరు. కలిసి తినడం తెలిసినవాళ్ళకే కలిసి నిలబడడం చేతనైంది.

ఆ కేరియరు వారసత్వమే నేటి ప్లేట్ లంచ్. ఐస్‌క్రీము గరిటె లాంటి దానితో రెండు గుండ్రటి ముద్దల అన్నం, ఒక ముద్ద మాకరోని సలాడు, పక్కన మాంసమో చేపో. హొనొలులూలో 1961లో రెయిన్‌బో డ్రైవ్-ఇన్ తెరిచినాయన రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి వండిపెట్టిన వంటవాడు. అన్నం మీద మాంసపు బిళ్ళ, దాని మీద చిక్కటి గ్రేవీ, పైన గుడ్డు వేసే లోకో మోకో, 1949 ప్రాంతంలో హీలో పట్నంలోని కుర్రవాళ్ళు తక్కువ డబ్బులకు కడుపు నిండేలా ఏదైనా పెట్టమంటే పుట్టిందని చెప్తారు. హాస్టలు విద్యార్థులకు యీ చరిత్రను విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను!

ఇక మందులోకి నంజుకునేవి. వీటిని అక్కడ "పూపూ" అంటారు. పూర్వం కావా వేరు పానీయంతోపాటు కొరుక్కోడానికి ఇచ్చే చేప, కోడి, అరటిపండు – వీటికి ఆ పేరు. ఇవాళ ఆ పళ్ళెంలోకి ఉడకబెట్టిన వేరుశనగకాయలు, ఉప్పుపట్టి ఎండబెట్టిన గొడ్డుమాంసం, వేయించిన పంది ముక్కలు వచ్చి చేరాయి. మన కల్లు కాంపౌండ్ల దగ్గర గుడాలకు ఉన్న స్థానమే వీటిది. 1992లో తెరిచిన సైడ్ స్ట్రీట్ ఇన్‌కు పేరు ఎలా వచ్చిందనుకున్నారు? పెద్ద హోటళ్ళ వంటవాళ్ళు తమ వంటిల్లు కట్టేశాక రాత్రిపూట అక్కడికి పోయి పంది చాప్స్ తినేవారు. వంటవాడు పని అయ్యాక సొంత డబ్బుతో ఎక్కడ తింటాడో చూడండి, అంతకన్న నమ్మకమైన సర్టిఫికెట్టు లేదు.

అయితే యీ కథలో చేదు కూడా ఉంది. పచ్చి చేపను ముక్కలు కోసి సముద్రపు ఉప్పు, నాచు, కాల్చి నూరిన కుకుయి గింజలు కలిపేది పోకె. ఇవాళ అది ప్రపంచమంతటా గిన్నెల్లో అమ్ముడుపోతోంది. 2018లో షికాగోకు చెందిన ఒక కంపెనీ, "అలోహా" అనే మాటను పోకెతో కలిపి దుకాణం పేరుగా పెట్టుకోవద్దని కొందరికి లాయరు నోటీసులు పంపింది. అందుకున్నవారిలో హవాయియన్లూ ఉన్నారు! నమస్కారం అనే మాటను ఎవరో రిజిస్టరు చేయించుకుని, మన కాకా హోటలుకు నోటీసిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పోయి సంగతి మరీ కష్టం. హవాయియన్ల నమ్మకంలో చేమ మొక్క మనిషికి అన్న. చెరుకు తోటలకోసం కొండవాగుల నీళ్ళు మళ్ళించడంతో కింద ఉన్న చేమ మడులు ఎండిపోయాయి. చివరి చెరుకు తోట 2016లో మూతపడినా నీళ్ళ తగాదా మూతపడలేదు. ఇవాళ ఆ దీవులు తినే తిండిలో అత్యధిక భాగం ఓడల మీద రావలసిందే. 2020 జనాభా లెక్కల ప్రకారం హవాయియన్లలో సగానికి పైగా హవాయి బయటే బతుకుతున్నారు. అన్న మడిలో లేడు, తమ్ముడు ఊళ్ళో లేడు. పర్యాటకుడి పళ్ళెం మాత్రం నిండుగా ఉంది.

"డబ్బా మాంసం, మయనీజు కలిపిన తిండిని ఇంతగా పొగడాలా?" అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. స్పామ్ డబ్బా యుద్ధకాలంలో సైన్యంతో దీవుల్లో పాతుకుపోయిన సరుకు, ఆరోగ్యానికి మంచిదని నేననను. కాని పేదవాడు తనకు దొరికినదానితోనే రుచి పుట్టిస్తాడు. ఆ నేర్పును గౌరవిద్దాం. మంచి నేలా నీళ్ళూ వాడికి దక్కకుండా చేసిన వ్యవస్థను ప్రశ్నిద్దాం. రెండూ ఒకేసారి చేయవచ్చు.

అంచేత హవాయి వెళ్ళే మిత్రులకు నా సలహా ఇది. పూలదండ వేసి స్వాగతం చెప్పే విందుకన్న ముందు, మధ్యాహ్నం పన్నెండింటికి పనివాళ్ళు వరసలో నిలబడే కొట్టు వెతకండి. హొనొలులూలో 1946 నుంచి ఉన్న హెలెనాస్‌లో పోయి రుచి చూడండి. మొదటి ముద్ద పులుపుగా, జిగటగా అనిపిస్తుంది. వదిలెయ్యకండి. చేమదుంపల పులుసు తిని, చామకూర ఇంటిపేరుగల కవిని కన్న జాతికి ఆ దుంప పరాయిది కాదు.

కోరంగి, విశాఖ రేవుల నుంచి మన తెలుగు కూలీలు కూడా చెరుకు నరకడానికి మారిషస్ దాకా పోయారు. వాళ్ళు మూట కట్టుకుపోయిన రుచుల గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఎన్ని పేజీలున్నాయి? రాజుల యుద్ధాల తేదీలు బట్టీపట్టిన మనం, కూలివాడి కేరియరులో ఏముందో ఎప్పుడైనా అడిగామా? ఇకనైనా అడుగుదాం. చరిత్ర శాసనాల్లోనే కాదు, గిన్నె అడుగున కూడా ఉంటుంది.