పొట్టి దానిమ్మకు ఏ కుండీ?

మిద్దె మీద అందానికి పొట్టి దానిమ్మ పెట్టాలనుకుంటున్నారా? ఎర్రని పూలు, నిమ్మకాయంత కాయలతో చూడముచ్చటగా ఉంటుంది. అయితే మొక్క కంటే ముందు కుండీ చూసుకోండమ్మా!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు వాన తక్కువ, ఎండ ఎక్కువ. మరీ చిన్న కుండీ అయితే మధ్యాహ్నానికే మట్టి ఎండిపోతుంది. ఎండిన మట్టికి ఒక్కసారిగా బిందెడు నీళ్ళు పోస్తే కాయ పగులుతుంది. మన దానిమ్మ తోటల్లో డ్రిప్పు పెట్టి కాస్త కాస్తగా తడిపేది ఇందుకే. అలాగని చిన్న మొక్కకు పెద్ద తొట్టీ వద్దు. వేళ్ళు అందుకోని మట్టిలో తడి నిలిచి వేరు కుళ్ళుతుంది.

చిన్న మొక్కకు 8 అంగుళాల కుండీ, కాపుకొచ్చే మొక్కకు 12 అంగుళాలది చాలు. గాలి ఆడే మట్టి కుండీ మేలు. నల్ల ప్లాస్టిక్‌ది ఎండకు కాగి వేళ్ళను ఉడికిస్తుంది. ఏదైనా సరే, అడుగున చిల్లు ఉండాల్సిందే. దాని మీద పెంకు ముక్క బోర్లించి, రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక్కో పాలు ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. పైన రెండంగుళాలు ఖాళీ వదలండి.

కుండీని రెండు ఇటుకల మీద పెడితే మిద్దె వేడి తగలదు, చిల్లూ మూసుకుపోదు. వేలు గుచ్చి, పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి. బియ్యం కడిగిన నీళ్ళయినా చాలు. నీళ్ళ విలువ మనకు ఒకరు చెప్పాలా!