పొలము గట్టున పటపఠనము

ఏడవ తరగతి బాలుడు భారతదేశ పటమున గంగా యమునలను తడుముకొనకుండ చూపగలడు. వాని తండ్రి కౌలునకు చేయుచున్న చేను గ్రామపటములో ఎచ్చటనున్నదో చూపుమన్నచో తెల్లబోవును. ఈ లోపము బాలునిది కాదు. పటమును గోడకు తగిలించి బోధించెడి పద్ధతిది. పటపఠనమును పొలములోనే నేర్పవలెననియు, ఉపాధ్యాయ వృత్తికి పోదలచిన మన విద్యార్థులు అందుకు ముందుగా సిద్ధపడవలెననియు మా అభిప్రాయము.

ఇందుకు కోనసీమను మించిన పాఠశాల మాకు కానరాదు. గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రము వరకు పరచుకొన్న ఈ నేల బల్లపరుపు. కొండ లేదు, గుట్ట లేదు. మరి ఎత్తుపల్లములను ఎట్లు నేర్పుదురని కొందరడుగవచ్చును. నీరే నేర్పును. పంటకాలువ మెరకను పట్టి పోవును, మురుగుకాలువ పల్లమును పట్టి పోవును. వరిచేని గట్టున పిల్లలను నిలిపి, బోదెనుండి నీరు ముందుగా ఏ మడిలోనికి దిగుచున్నదో, ఏ మూలనుండి మురుగునకు పోవుచున్నదో బాణపు గుర్తులతో గీయింపుడు. అడుగెత్తైనను లేని వాలు వారి కంటికి దొరకును. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయక పంట విరామము పాటించిన నాడు, గిట్టుబాటు ధరతోపాటు ముంపు బాధనుగూర్చి ఎందుకు మొరపెట్టిరో ఆ బాణములే చెప్పును.

పి. గన్నవరము వద్ద మరియొక వింత కలదు. పటముపై పంటకాలువయను నీలిగీత వైనతేయయను నీలిగీతను అడ్డముగా దాటును. గదిలోని బాలుడు ఆ రెండును కలిసిపోయినవనుకొనును. అక్విడక్టు మీద నిలిపి చూపుడు: పైన కాలువ, క్రింద నది! ధవళేశ్వరము ఆనకట్ట కాలమున కట్టిన పాత అక్విడక్టునకు తోడుగా 2000లో డొక్కా సీతమ్మగారి పేర క్రొత్తది వెలసినది.

ఇక కొలతలు. సర్వేవారి గొలుసు 66 అడుగులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. పిల్లలు తమ అంగను టేపుతో సరిచూచుకొని, గట్టు వెంట నడిచి, గొలుసునకు ఒక అంగుళము చొప్పున గీసినచో, కాగితముపై పది చదరపుటంగుళములే ఎకరమగును. స్కేలు అను మాటకు ఇంతకంటె వ్యాఖ్య అక్కరలేదు. దిక్కులకు ఒక కర్ర చాలును. మాఘమాసపు మధ్యాహ్నమున దాని పొట్టినీడ ఉత్తరమును చూపును. జూన్‌లో అదే నీడ దక్షిణమునకు తిరుగును; కర్కటరేఖకు దిగువనున్న మనకు సూర్యుడపుడు నడినెత్తిని దాటి ఉత్తరమున ఉండును గదా!

రైతు, కౌలు, నక్షా, తాలూకా, జిల్లా అను మాటలన్నియు అరబ్బీ మూలమునుండి పారశీకము మీదుగా మన పొలములకు వచ్చినవే. ఉర్దూ విద్యార్థులకు ఈ పాఠము పరాయిది కాదు.

చేతిలో ఫోనుండగా ఇదంతయు ఎందుకందురా? ఫోనులోని నీలిచుక్క నీవెచ్చటనున్నావో చెప్పును. నీ గట్టు జరిగినదో లేదో చెప్పదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున డ్రోనులతో భూముల పునఃసర్వే ఆరంభమైనది. నక్షా చదువనేరని కుటుంబము దానికి ఒప్పుకొనుచు చేయు సంతకము వేలిముద్రకంటె ఏమి మేలు? ఏటికోతకు హద్దులే మాయమగు లంక గ్రామములలో ఈ ప్రశ్న మరింత పదునైనది.

కమిటీ పెద్దలకు మా మనవి యొక్కటే. ఏటేటి విహారయాత్ర సొమ్ములో ఒక దినపు భాగమును ఇందుకు కేటాయింపుడు. మన విద్యార్థులు నలుగురైదుగురు పిల్లలకొకరు చొప్పున వెంట నుందురు. కావలసినవి టేపు, గళ్ళ కాగితములు, గ్రామపటపు నకలు, గట్టు త్రొక్కుటకు రైతు అనుమతి. దాళ్వా నాట్లు ముగిసి బోదెలలో నీరు పారుచుండు జనవరి చివరి వారము అనుకూలమైన కాలము.