కలిసిపోవడం తప్పా?

మదనపల్లెలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. కూతురు డాక్టరు చదువుకు ఫిలిప్పీన్స్ వెళుతోంది. సూట్‌కేసులో సగం టమోటా ఊరగాయ, చెనక్కాయల పొడి సర్దిపెట్టింది. ‘‘అయ్యగారూ, పాప కోసం ప్రార్థన చేయండి. ఆ దేశంలో వాళ్ళతో కలిసిపోకుండా, మన పిల్ల మన పిల్లగానే తిరిగి రావాల’’ అంది. అమ్మాయి తలమీద చెయ్యి ఉంచి తల్లి కోరినట్టే ప్రార్థించాను. ఆ ప్రార్థనలో సగం తప్పుందని నాకు కొన్నేళ్ళకు గాని తెలియలేదు.

అమ్మాయి చేరింది దావావో నగరంలో. అక్కడ చదివే తెలుగు పిల్లలు చాలామందే. తెలుగువాళ్ళ హాస్టలు, తెలుగు వంట, శనివారం తెలుగులో ప్రార్థన కూడిక. పాఠాలేమో ఇంగ్లిషులో. ఇక ఊరివాళ్ళతో మాట్లాడే పనేముంది? ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టిన రోజున చిక్కు వచ్చిపడింది. కడుపునొప్పితో ఉన్న ఒక ముసలామెను ఈమె ఇంగ్లిషులో ప్రశ్నలు అడిగితే, ఆమె గోడవైపు తిరిగి పడుకుందట. ఆ ప్రాంతపు జనం మాట్లాడేది బిసాయా భాష. ఆ రాత్రి అమ్మాయి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ‘‘ఇన్నేళ్ళుగా ఇక్కడున్నాను అయ్యగారూ, ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు’’ అంది. మేము చేసిన ప్రార్థన నెరవేరింది. ఆ పిల్ల ఎవరితోనూ కలవలేదు.

ఫోన్ పెట్టేశాక నాకు మన ఊరి పాత కథ గుర్తుకొచ్చింది. అమెరికా వారి ఆర్కాట్ మిషన్ తరఫున 1863లో మదనపల్లెకు ఒక డాక్టరు వచ్చాడు. ఆయనే జాకబ్ చాంబర్లిన్. వైద్యం, సువార్త రెండూ చేపట్టాడు. తెలుగు నేర్చుకున్నాడు. ఎంతగా నేర్చుకున్నాడంటే, తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. 1908లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. ఆ తర్వాత 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, 1915లో ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వెలిశాయి. ఆరోగ్యవరానికి తొలి పెద్ద డాక్టరు ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. వీళ్ళను సాగనంపిన తల్లులు కూడా ‘‘అక్కడివాళ్ళతో కలవొద్దు నాయనా’’ అని చెప్పి, వీళ్ళు ఆ మాట విని ఉంటే మన సంగతి ఏమై ఉండేది?

నిజం చెప్పాలంటే, వచ్చిన మిషనరీలందరూ ఒకేలా కలవలేదు. బంగళా చుట్టూ కాంపౌండు గోడ లేచింది. బాప్తిస్మంతోపాటు ఇంగ్లిషు పేర్లు పెట్టడం వచ్చింది. కోటు, టై వేసుకుంటేనే బోధకుడనే తలంపు మనలో మిగిలింది. నేను సెమినరీలో చదివే రోజుల్లో మా గురువులు ఈ విషయం మీద గంటల తరబడి చర్చ చేయించేవారు. భాష నేర్చిన చోట సువార్త ఇంటి మాట అయింది. గోడ లేచిన చోట దొరల మతంగా కనిపించింది. ఇప్పుడు పరదేశులుగా వెళుతున్నది మన పిల్లలు. ఏ దారి పట్టాలో మనమే నేర్పాలి.

బబులోనుకు చెరపట్టబడిన యూదులకు యిర్మీయా పంపిన ఉత్తరం చూడండి (యిర్మీయా 29:4-7). ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. శత్రువుల పట్టణం క్షేమంగా ఉంటేనే మీకూ క్షేమం అన్నాడు. ఆ బబులోనులోనే దానియేలు కల్దీయుల భాష, విద్య నేర్చుకున్నాడు, కొత్త పేరుతో పిలిస్తే పలికాడు. తన దేవుని యెదుట అపవిత్రుణ్ణి చేస్తుందనుకున్న దాన్ని మాత్రం ముట్టనన్నాడు (దానియేలు 1). అది కూడా అధికారిని మర్యాదగా వేడుకుని, పదిరోజులు పరీక్షించి చూడమని అడిగాడు. ఏది నేర్చుకోవాలో, ఏది వదులుకోకూడదో ఆ ఒక్క అధ్యాయంలో ఉంది.

చాలా ఏళ్ళ క్రితం ఒక శిక్షణ కోసం నేను కొన్ని వారాలు మనీలాలో ఉన్నాను. మొదటి వారం అంతా పొరపాట్లే. ఏదైనా అడిగితే ఆ మనిషి నోరు విప్పకుండా కనుబొమలు పైకెత్తేవాడు. నన్ను లెక్కచేయడం లేదనుకుని మనసులో కోపం పెట్టుకున్నాను. అక్కడ కనుబొమలెత్తితే ‘అవును’ అని అర్థమట! మనం తల అటూ ఇటూ ఊపితే వాళ్ళకు ఏమీ అర్థం కాదు. వంటమనిషిని చూపుడువేలు వంచి పిలిచాను. ఆమె ముఖం మాడిపోయింది. అలా పిలిచేది కుక్కనట. చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను.

తెలుసుకునే కొద్దీ ఇది మన ఇల్లే అనిపించింది. పెద్దలతో మాట్లాడితే టగాలోగ్ భాషలో మాట చివర ‘పో’ అంటారు, మన ‘అండీ’ లాగే. తెలియని యువకుడైనా ‘కుయా’, అంటే అన్నయ్య. అమ్మాయైతే ‘ఆతే’, అక్క. చిన్నవాళ్ళు పెద్దల చెయ్యి తీసుకుని నొసటికి ఆనించుకుంటారు, పెద్దలు దేవుని పేరట దీవిస్తారు. తింటున్నప్పుడు ఎవరు ఎదురొచ్చినా ‘కైన్ తాయో’, తిందాం రా అంటారు. జీప్నీ అనే బండిలో వెనక కూర్చున్నవాడి చార్జీ డబ్బు చేతులు మారుతూ డ్రైవరుకు చేరుతుంది, చిల్లర అలాగే తిరిగొస్తుంది. చేసిన మేలు మరవకపోవడాన్ని ‘ఉతాంగ్ నా లోఓబ్’ అంటారు. అది లోపలి అప్పు, డబ్బుతో తీరేది కాదు. మన పెద్దలు రుణం తీరదు అనే మాట ఇదే కదా.

అయితే అన్నిటికీ తలూపమని నేను చెప్పను. నలుగురు మగవాళ్ళు చేరితే ఒకే గ్లాసులో మద్యం పోసి వరుసగా తాగించే అలవాటు అక్కడుంది. కాదంటే స్నేహం చెడుతుందేమోనని మన పిల్లలు తడబడతారు. పంది నెత్తురుతో వండే ‘దినుగువాన్’ అనే కూర విందుల్లో పెడతారు. నెత్తురు ముట్టకూడదనే (అపొ.కార్యములు 15:29) మనస్సాక్షి గలవాళ్ళు మన సంఘాల్లో చాలామంది. నవ్వుతూ, చేతులు జోడించి, మరో వంటకం అడిగి వడ్డించుకోండి. పక్కవాడి పళ్ళెం చూసి ముక్కు మాత్రం మూయవద్దు. కాదనడంలోనూ ప్రేమ కనబడాలి.

ఆ అమ్మాయి నన్ను ఇంకొకటి అడిగింది. అక్కడ ఎక్కువమంది రోమన్ కాథలిక్కులు. డిసెంబర్ 16 నుంచి 24 వరకు రోజూ తెల్లవారకముందే చర్చికి వెళతారు. స్నేహితురాళ్ళు రమ్మంటున్నారు, వెళ్ళవచ్చా అని. వెళ్ళమన్నాను. నీ మనస్సాక్షి ఒప్పుకోని చోట ఊరకే నిలబడు, ఒప్పుకున్న చోట పాడు అన్నాను. అక్కడ మనవంటి సంఘాలూ ఉన్నాయి. వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి 1947లో ఇక్కడ సి.ఎస్.ఐ. ఏర్పడినట్టే, అక్కడ 1948లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ ఏర్పడింది. తెలుగు కూడిక మానవద్దు గాని, నెలకొక ఆదివారమైనా ఆ ఊరి సంఘంతో కూర్చోమన్నాను.

ఇది విదేశాలకు పిల్లల్ని పంపే ఇళ్ళకే చెందిన మాట కాదు. కుప్పంలో మూడు రాష్ట్రాల గాలి కలుస్తుంది. ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం వినబడతాయి. అక్కడ తమిళంలో ప్రార్థన చేసే అవ్వ ఆమేన్ అనేసరికి తెలుగు సంఘమంతా ఆమేన్ అంటుంది. పుంగనూరులో, మదనపల్లెలో ఇళ్ళు కట్టే పనికి ఒడిశా, బీహార్ నుంచి కుర్రాళ్ళు వస్తున్నారు. వాళ్ళు క్రిస్మస్ రోజున చర్చి గేటు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోవడం నేను చూశాను. ‘తిందాం రా’ అని మనలో ఎందరు పిలిచాం? మీ మధ్య ఉన్న పరదేశిని మీలో పుట్టినవానిలాగే ఎంచండి, మీరూ ఐగుప్తులో పరదేశులే అని దేవుడు ధర్మశాస్త్రంలోనే రాయించాడు (లేవీయకాండము 19:34). మోయాబునుంచి వచ్చిన రూతును బేత్లెహేము చేర్చుకుంది. ఆమె వంశంలోనే దావీదు, ఆ దావీదు వంశంలోనే మన ప్రభువు పుట్టాడు.

ఆ అమ్మాయి బిసాయా నేర్చుకోవడం మొదలుపెట్టింది. మొదటి పాఠం ‘ఎక్కడ నొప్పి?’ అని అడగడం. హాస్టల్లో వంట సాయానికి వచ్చే ఆమే గురువు. ఈమె పలికే తీరుకు వార్డంతా నవ్వేదట. నవ్వాక తమ నొప్పి ఎక్కడో చెప్పేవారట. ఈమధ్య ఒక అవ్వ తనను ‘ఆపో’ అని పిలిచిందని సంతోషంగా చెప్పింది. ఆ మాటకు మనవరాలు అని అర్థం.

మొన్న వాళ్ళమ్మ మళ్ళీ ప్రార్థన అడిగింది. ఈసారి మాట మార్చాను. ‘‘ప్రభువా, ఈ బిడ్డ నీలో స్థిరంగా ఉండి, ఆ ఊరివాళ్ళతో కలిసిపోయేలా చెయ్యి’’ అన్నాను. ఆ తల్లి ఒక్క క్షణం నావైపు చూసింది. తర్వాత ఆమేన్ అంది. మీ ఇంటినుంచి కూడా ఎవరైనా దూరదేశానికి వెళుతుంటే ఆ సూట్‌కేసులో ఊరగాయ పెట్టండి, బైబిలు పెట్టండి. అక్కడివాళ్ళ భాష నేర్చుకోమని కూడా చెప్పి పంపండి.